బెంగళూరులో ఐరిస్ పూయదా? కాశ్మీరు కొమ్ములు, నర్సరీవాళ్లు పెట్టే పేర్లు

కుండీలరాణి (కనకపుర రోడ్డు, బెంగళూరు)
12 జనవరి

నమస్కారమండీ. రెండేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు.

కిందటి ఏప్రిల్‌లో శ్రీనగర్ వెళ్లాం. అందరూ తులిప్ తోటలో ఫోటోలు దిగుతుంటే నాకు మాత్రం దారి పక్కన పాత ఖబరస్తాన్‌లో పూసిన ఐరిస్ పూల మీదే మనసు పోయింది. తెల్లవి, ఊదావి, సమాధుల మధ్య గుంపులు గుంపులుగా. ఎవరూ నీళ్లు పోసిన ఆనవాలు లేదు, కలుపు తీసిన ఆనవాలు లేదు. మేం బస చేసిన ఇంటి పెద్దాయన నా తాపత్రయం చూసి తన పెరట్లోంచి ఆరు ఐరిస్ కొమ్ములు (పసుపు కొమ్ముల్లా మట్టిలో ఉండేవి) తవ్వి, పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చారు.

మాది కింది అంతస్తు ఫ్లాటు. వెనక పది అడుగులు పొడవు, ఎనిమిది అడుగులు వెడల్పు ఉన్న మట్టి ఉంది. మే నెలలో నాటాను. వానలకు మూడు కుళ్లిపోయాయి. మిగిలిన మూడింటికి జానెడు ఆకులొచ్చి, అక్కడే ఆగిపోయాయి. మొగ్గ జాడే లేదు.

రెండో సంగతి. నవంబరులో ఒక నర్సరీలో ఐరిస్ అని చెప్పి 180 రూపాయలకు ఒక మొక్క అమ్మారు. ఆకులు కత్తుల్లా నిటారుగా ఉన్నాయి. మా అత్తయ్య చూసిన మరుక్షణం "ఇది వస కదే! దీనికి 180 ఇచ్చావా?" అన్నారు. ఆ రోజు నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఈ కథ వినిపిస్తున్నారు.

కాశ్మీరు కొమ్ములు ఎప్పటికైనా పూస్తాయా? నర్సరీవాళ్లు ఇచ్చింది నిజంగా వసేనా?


మిద్దెతోట మూర్తి (జయనగర్)
12 జనవరి

మొదటి ప్రశ్నకు జవాబు: పూయవమ్మా. కొట్టినట్టు చెబుతున్నానని అనుకోవద్దు. నేను మూడు సార్లు నాటి, మూడు సార్లు ఆకులు చూసి తృప్తిపడిన వాణ్ని.

మీరు తెచ్చినవి గడ్డం ఐరిస్‌లు. కిందికి వాలిన రేకు మీద మెత్తని నూగు గీత ఉంటుంది, ఆ పేరు అందుకే. వీటికి పూమొగ్గ కట్టాలంటే వారాల తరబడి గడ్డకట్టే చలికి దగ్గరగా ఉండే చలికాలం కావాలి. ఆ చలి తగిలాకే కొమ్ము లోపల ఆకులు వేయడం మాని మొగ్గ కట్టే పనిలోకి దిగుతుంది. మన బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైనే ఉంది, కాదనను. జనవరి తెల్లవారుజామున మనం మఫ్లర్లు చుట్టుకుని పాల ప్యాకెట్టు కోసం వెళతాం. కానీ అది పదిహేను, పదహారు డిగ్రీలు. మనకు చలే, ఆ కొమ్ముకు వసంతం. ఎరువు వేసినా, ప్రేమగా పలకరించినా చలి లేని లోటు తీరదు.

కుళ్లిన మూడింటి సంగతి వేరే. మట్టిలో పూర్తిగా కప్పేసి ఉంటారు, అవునా? పసుపు కొమ్ములా పాతిపెట్టకూడదు దాన్ని. చెరువులో పడుకున్న గేదెకు వీపు పైకి కనిపిస్తుందే, అలా కొమ్ము వీపు ఎండకు కనిపించాలి, వేళ్లు మాత్రం మట్టిలో ఉండాలి. మన జూన్ వానల్లో కప్పిపెట్టిన కొమ్ము బతకడమే ఆశ్చర్యం.


ఆకుపచ్చ అనిల్ (మారతహళ్లి)
12 జనవరి

మూర్తి గారూ, ఫ్రిజ్ ఉందిగా! చలి కావాలంటే చలి ఇద్దాం. నేను కిందటి ఏడాది అదే చేశాను. రెండు కొమ్ములు ఎండు కొబ్బరి పొట్టులో చుట్టి, కూరగాయల అరలో ఎనిమిది వారాలు ఉంచాను. ఫలితం నిజాయితీగా చెప్పాలంటే ఒకటి బూజు పట్టింది. రెండోది బయటికి తీశాక ఆకులు వేసింది. పువ్వు లేదు. మా ఆవిడ ఇప్పటికీ క్యారెట్ తీసేటప్పుడల్లా అనుమానంగా వాసన చూస్తుంది.

కానీ డచ్ ఐరిస్ మాత్రం పూసింది! ఉల్లిపాయలా గడ్డ ఉండే రకం, అక్టోబరులో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆరు వారాలు ఫ్రిజ్‌లో పెట్టి డిసెంబరులో నాటితే ఫిబ్రవరి చివర్లో పది గడ్డల్లో ఏడు నీలంగా పూశాయి.


మిద్దెతోట మూర్తి
13 జనవరి

మరుసటి ఏడాది ఆ గడ్డలు మళ్లీ పూశాయా అనిల్?


ఆకుపచ్చ అనిల్
13 జనవరి

...లేదండి. సన్నటి గడ్డి పరకల్లాంటి ఆకులొచ్చి ఎండిపోయాయి.


మిద్దెతోట మూర్తి
13 జనవరి

అదే నేను చెప్పేది. అది తోటపని కాదు, పూలగుత్తి కొనుక్కోవడమే, కాస్త ఆలస్యంగా. తప్పేమీ లేదు. ఏటా గడ్డలు కొనే ఓపిక ఉంటే హాయిగా చేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త ఉంది. గడ్డలున్న అరలో ఆపిల్ పళ్లు ఉంచకూడదు. పండేటప్పుడు పళ్లు విడిచే ఇథిలీన్ వాయువుకు గడ్డ లోపలి మొగ్గ మాడిపోతుంది.


బాటనీ మేడం (మల్లేశ్వరం)
13 జనవరి

రెండో ప్రశ్న ఇంకా ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను తీసుకుంటాను.

రాణి గారూ, మీ అత్తగారి అనుమానం చాలా పెద్దలకు వచ్చిందే. నీటి ఒడ్డున పెరిగే పసుపు ఐరిస్ ఒకటి ఐరోపాలో ఉంది. దానికి లాటిన్‌లో పెట్టిన పేరుకు అర్థం "దొంగ వస" అనే. ఆకు చూసి వస అనుకుని మోసపోయినవాళ్లు అక్కడా ఉన్నారన్నమాట.

తేడా తెలుసుకోవడం సులువు. ఒక ఆకు కొస తుంచి నలిపి వాసన చూడండి. వస అయితే ఘాటైన, కాస్త తీయని వాసన ముక్కుకు తగులుతుంది. పసిపిల్లల నాలుకకు వస కొమ్ము అరగదీసి రాసిన ఇళ్లలో ఎవరినడిగినా ఆ వాసన చెబుతారు. వస ఆకు మధ్యలో ఒక ఈనె ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది కూడా. ఐరిస్ జాతి ఆకు నలిపితే పచ్చి గడ్డి వాసన తప్ప ఏమీ ఉండదు. పైగా దాని ఆకులన్నీ ఒకే తలంలో, తాటాకు విసనకర్ర విప్పినట్టు ఎడమకూ కుడికీ పరుచుకుంటాయి. పక్కనుంచి చూస్తే మొక్క మొత్తం ఇస్త్రీ చేసినట్టు బల్లపరుపుగా ఉంటుంది.

పువ్వు వచ్చాక అయితే అనుమానమే అక్కర్లేదు. కేసరాలు, అంటే పుప్పొడి ఉండే కాడలు, లెక్కపెట్టండి. ఐరిస్ కుటుంబంలో మూడే ఉంటాయి. లిల్లీలు, విషముంగలి, వాన లిల్లీ వగైరాల్లో ఆరు. కుంకుమపువ్వు మొక్కదీ ఈ కుటుంబమే. మనం పాలల్లో వేసుకునే ఎర్ర పోగులు మాత్రం కేసరాలు కావు, ఆ పువ్వు కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొస, మూడు పాయలు. ఇన్నేళ్లు పాఠం చెప్పినా పిల్లలు పరీక్షలో అది తప్పే రాసేవారు.


కుండీలరాణి
14 జనవరి

సంక్రాంతి హడావుడిలోనూ వాసన పరీక్ష చేశాను మేడం. నేను, మా వారు, అత్తయ్య వరుసగా నలిపి చూశాం. గడ్డి వాసనే. అత్తయ్య ఇంకా ఒప్పుకోలేదు, "ఈ ఊరి నీళ్లకు వాసన పోయి ఉంటుంది" అంటున్నారు. మీరు చెప్పినట్టే ఆకులు విసనకర్రలా ఉన్నాయి. దాదాపు రెండడుగుల పొడవు, రెండు వేళ్ల వెడల్పు, నిగనిగలాడే ముదురు పచ్చ. అలాంటి ఒక విసనకర్రలో (ఫ్యాన్‌లో) పది ఆకులు లెక్కపెట్టాను.


బాటనీ మేడం
14 జనవరి

అయితే మీకు దొరికింది నియోమారికా అయ్యుండాలి. బ్రెజిల్ వైపు మొక్క. నడిచే ఐరిస్ అంటారు. ఎందుకు నడుస్తుందో అది పూశాక మీరే చూస్తారు, ఇప్పుడు చెప్పి కథ చెడగొట్టను.

ఒక్కో ఫ్యాన్‌కు పన్నెండు ఆకులు వచ్చాకే పూస్తుందని పాశ్చాత్య తోటమాలులు నమ్ముతారు, క్రీస్తు శిష్యులు పన్నెండుగురి పేరు మీద దాన్ని పిలుస్తారు కూడా. నేను చూసినవి పదకొండుకూ పూశాయి, పద్నాలుగు వచ్చినా పూయనివీ ఉన్నాయి. ఫ్యాన్ ముదరాలి అన్నదే అందులో నిజం. నీళ్లు పోసి ఊరుకోండి.


హోసూరు రెడ్డి
15 జనవరి

అందరూ ఉత్తరాదివి, బ్రెజిల్‌వి చెబుతున్నారు. అదే కుటుంబం గ్లాడియోలస్‌ను వదిలేశారేమిటి? కొమ్ము కాదు, దుంప. నాటిన రెండున్నర, మూడు నెలలకు కచ్చితంగా పూస్తుంది. బెంగళూరు చుట్టుపక్కల నేలకు, చలికి సరిగ్గా సరిపోతుంది. మీ ఊరి పక్కన హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. మీరా, పూనమ్, సప్నా లాంటి రకాలు అక్కడ పుట్టినవే.

పాత దుంప ఎండిపోయి దాని నెత్తిన కొత్త దుంప ఊరుతుంది. పూలయ్యాక ఆకు పసుపు తిరిగే దాకా ఆగి తవ్వాలి. వెంటనే మళ్లీ నాటితే మొలవదు, రెండు మూడు నెలలు చల్లటి చోట నిద్రపోవాలి. ఆకుల మీద వెండి గీతలు కనిపిస్తే తామర పురుగు పట్టిందని అర్థం. మొదట్లోనే వేపనూనె కొట్టండి, మొగ్గ లోపలికి దూరాక మందు కొట్టి లాభం లేదు.


వంటింటి వనజ (కె.ఆర్.పురం)
15 జనవరి

రెడ్డి గారూ, తవ్వడం, ఆరబెట్టడం, నిద్రపుచ్చడం, మళ్లీ నాటడం. ఇంట్లో ఇద్దరు పిల్లలకే అంత చేయలేకపోతున్నాను. ఒకసారి నాటి మరిచిపోయేది ఏదైనా ఉంటే చెప్పండి.


మిద్దెతోట మూర్తి
16 జనవరి

ఉంది. డైటీస్. ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.

దక్షిణాఫ్రికా మొక్క. పేరుకు గ్రీకులో "ఇద్దరు చుట్టాలున్నది" అని అర్థమట, అటు ఐరిస్‌కూ ఇటు మొరియా అనే ఇంకో మొక్కకూ బంధువు కనుక. రెండు రకాలు మన నర్సరీల్లో దొరుకుతాయి. బైకలర్‌కు లేత పసుపు రేకులు, వాటిలో మూడింటి మీద కాలిన బెల్లం రంగు మచ్చ. గ్రాండిఫ్లోరాది తెలుపు, మధ్యలో ఊదా, కిందికి పసుపు గీత. దూరం నుంచి చూస్తే కాశ్మీరు ఐరిస్ చెల్లెలే అంటారు. సిద్దాపుర నర్సరీల్లో అడగండి. పేరు చెబితే తెలియకపోవచ్చు, "ఆఫీసుల ముందు వరసగా నాటే సన్నాకు ఐరిస్" అంటే చూపిస్తారు.

నా మొక్కలకు పదకొండేళ్లు. ఎర్రమట్టి మూడు పాళ్లు, పశువుల ఎరువు ఒక పాలు, గరుకు ఇసుక ఒక పాలు, గుప్పెడు వేపపిండి. ఆపైన ఏటా మృగశిర కార్తె ముందు ఒకసారి ఎరువు, అంతే. సగం పూట ఎండ తప్పనిసరి. పూర్తి నీడలో ఆకులు మాత్రం అందంగా ఉంటాయి.

2024 మార్చి గుర్తుందా? నీటి కరువొచ్చి, తాగే నీళ్లు తోటలకు పోస్తే 5000 రూపాయల జరిమానా అన్నారు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు వారానికి రెండుసార్లు పోశాను. గులాబీలు నాలుగు పోయాయి, హైడ్రాంజియా పోయింది. డైటీస్ ఆకు కొసలు ఎండాయి, మే మొదట్లో పడిన జల్లుకు పదిహేను రోజుల్లో మళ్లీ పూసింది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. పూలు రాలాక కాడ కోయకండి. గ్రాండిఫ్లోరాకు నిరుడు పూసిన కాడే మళ్లీ పూస్తుంది, ఏళ్ల తరబడి. మా అపార్టుమెంటు తోటమాలి శుభ్రం చేస్తున్నానని ఒకసారి మొత్తం నున్నగా గొరిగాడు. ఆ ఏడాదంతా గడ్డి పెంచుకున్నట్టే అయింది.


ఆకుపచ్చ అనిల్
16 జనవరి

నాకూ ఒక డైటీస్ ఉంది, కానీ కొత్తగా వచ్చే ఆకులు పాలిపోయి పసుపు తిరుగుతున్నాయి. ఎరువు పెంచాను, ఇంకా పెరిగింది పసుపు. మాది పూర్తిగా బోరు నీళ్లు, బకెట్ల అడుగున తెల్లగా పేరుకుంటుంది.


బాటనీ మేడం
17 జనవరి

పాత ఆకులు పసుపైతే నత్రజని చాలలేదని అర్థం, ఎరువు వేయవచ్చు. మీ విషయంలో కొత్తవి పాలిపోతున్నాయి. ఈనెల గీతలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉండే ఉంటుంది, మన ఎర్రమట్టికి ఆ ఎరుపే దానివల్ల వచ్చింది. కానీ సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోసీ పోసీ మట్టి క్షారంగా మారి, వేరు దాన్ని తీసుకోలేకపోతోంది. ఎరువు ఆపండి. వాన నీళ్లు నాలుగు డ్రమ్ములు పట్టి ఉంచుకోండి, మట్టిలో బాగా మాగిన కంపోస్టు కలపండి. తొందరగా కావాలంటే వేరు సులువుగా తీసుకునే రూపంలో దొరికే చీలేటెడ్ ఇనుము పొడి డబ్బా మీద రాసిన మోతాదులో ఇవ్వండి. తాగునీటి శుద్ధి యంత్రం నుంచి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, లవణాలన్నీ చేరేది అందులోనే.


చెన్నై శారద (వేళచ్చేరి)
18 జనవరి

బెంగళూరువాళ్లందరూ చలి గురించి వాదించుకుంటుంటే నవ్వొస్తోంది. మా దగ్గర చలికాలం అంటే ఫ్యాను మూడులో పెట్టుకోవడం.

మీరందరూ మరిచిపోయిన ఒక అసలైన ఐరిస్ చెన్నైలో నా మేడ మీద పూస్తోంది. చిరుత లిల్లీ అంటారు. నారింజ రంగు మీద ఎర్రటి చుక్కలు, అరచేతిలో సగం ఉంటుంది పువ్వు. మా ఆడపడుచు గింజలు ఇస్తే మట్టి కుండీలో వేశాను. రెండో ఏడాదికి పూసింది. రోజంతా ఎండ పడుతుంది, ఈశాన్య రుతుపవనాల వానలు రెండు నెలలు కుమ్మేస్తాయి. అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూస్తే చాలు, ఏమీ కాదు. సాయంత్రానికి పువ్వు ముడుచుకునే తీరు చూడాలి, తడి బట్ట పిండినట్టు మెలి తిరిగిపోతుంది. కాయ పగిలితే లోపల నల్లటి గింజల గుత్తి, అచ్చం నల్లద్రాక్షలా మెరుస్తుంది. నేను కోసి పూలకూజాలో పెడతాను, నెలల పాటు ఉంటుంది.

నియోమారికా కూడా పెట్టాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారుగా, మా చెన్నై మే నెలలో దాని ఆకులు కాగితంలా కాలాయి. సపోటా చెట్టు కిందికి మార్చాకే ఊపిరి పీల్చుకుంది.


హోసూరు రెడ్డి
18 జనవరి

శారద గారూ, అది ఐరిస్ కాదండి, బెలంకాండా. మా దగ్గర పాత నర్సరీ జాబితాలో అలాగే ఉంది. రేకులన్నీ సమానంగా విచ్చుకుంటాయి, ఐరిస్‌లో మూడు పైకి లేచి మూడు కిందికి వాలాలి.


బాటనీ మేడం
18 జనవరి

జాబితా పాతదైంది రెడ్డి గారూ. మొక్క డీఎన్‌ఏ పరిశీలించి 2005లో దాన్ని ఐరిస్ ప్రజాతిలోకే మార్చారు. ఇప్పుడు ఐరిస్ డొమెస్టికా. ఇంకా విచిత్రం వినండి. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దీనికి రెండు పేర్లు పెట్టాడు, ఒకచోట ఇక్సియా అనే వేరే ప్రజాతిలో చేర్చి, ఇంకోచోట ఆర్కిడ్ అనుకుని. ఆ ఆర్కిడ్ పేరులోని చివరి ముక్కే ఇప్పుడు నిలబడింది. అంత పెద్దాయనే పొరబడితే మన నర్సరీ కుర్రాడు ఎంత?


హోసూరు రెడ్డి
19 జనవరి

ఒప్పుకున్నాను. జాబితాలో దిద్దుకుంటాను. అమ్మేటప్పుడు మాత్రం చిరుత లిల్లీ అనే అంటాను, డొమెస్టికా అంటే ఎవరూ కొనరు.


వంటింటి వనజ
19 జనవరి

లిల్లీ అంటే గుర్తొచ్చింది. మా విజయవాడలో లిల్లీ అంటే నేల సంపెంగ. ఇక్కడ పూలమ్మిని లిల్లీ దండ అడిగితే తెల్లబోయి చూసింది, చివరికి సుగంధరాజ అన్నాక ఇచ్చింది. ఐరిస్ వాళ్లకు లిల్లీ, లిల్లీ వీళ్లకు సుగంధరాజ. పేరడిగి మొక్క కొనడమంత మోసం లేదు.

ఇంకో సందేహం. మా చిన్నవాడు కనిపించినదల్లా నోట్లో పెట్టుకుంటాడు. వీటిలో విషం ఉన్నవి ఏవి?


బాటనీ మేడం
19 జనవరి

ఐరిస్‌ల కొమ్ము, ఆకు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. కుక్కలకు, పిల్లులకు కూడా మంచిది కాదు. అందనివ్వకండి. నిజంగా భయపడాల్సింది మాత్రం కంచెల మీద పాకే అగ్నిశిఖకు, మన వైపు అడవి నాభి అంటారు. దాని దుంపలో కొల్చిసిన్ ఉంటుంది, ప్రాణాంతకం. తమిళనాడు రాష్ట్ర పుష్పం కదా అని ముచ్చటపడి చిన్నపిల్లలున్న ఇంట్లో పెట్టుకోవద్దు.


కుండీలరాణి
26 జనవరి

లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు వెళ్లి తోపులాటలో చెప్పు తెగ్గొట్టుకుని వచ్చాను. వచ్చే దారిలో సిద్దాపురలో డైటీస్ గ్రాండిఫ్లోరా రెండు కొన్నాను, ఒక్కోటి 120. మూర్తి గారు చెప్పిన మాటలే చెప్పాను, మొదట రిబ్బన్ గడ్డి చూపించారు, తర్వాత సరైనది దొరికింది.

నిజం చెప్పాలంటే ఇంకా మనసులో కాశ్మీరు పువ్వే ఉంది. అంత దూరం నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.


వంటింటి వనజ
26 జనవరి

పొరుగింటి పుల్లకూర రుచి. మీది మరీ పొరుగు రాష్ట్రం కూడా కాదు.


మిద్దెతోట మూర్తి
27 జనవరి

నవ్వులాటకు బాగుంది గానీ, ఆ బాధ నాకు తెలుసు వనజ గారూ.

రాణి గారూ, మార్చిలో జయనగర్ వీధుల్లో నడవండి. జకరండా ఊదా రంగులో, టబేబుయా గులాబీ రంగులో విరగబూసి ఉంటాయి. బెంగళూరు అంటే అవే అని ఫోటోలు తీస్తాం. రెండూ అమెరికా ఖండాలవే. లాల్‌బాగ్‌ను చూసుకున్న క్రుంబీగెల్ జర్మనీలో పుట్టి లండన్ క్యూ తోటలో పనిచేసి వచ్చిన మనిషి. తన దేశపు చెట్లే కావాలని పంతం పట్టలేదు. ఈ ఊరి ఎండకు, వానకు ఏవి ఇముడుతాయో చూసి, ఒకటి అయ్యాక ఒకటి పూసేలా వీధుల్లో నాటించాడు. పువ్వు అందం ముందు చూసి తర్వాత వాతావరణం వెతకడం మనం చేసే పొరపాటు. నేనూ చేశాను, మూడు సార్లు అని ముందే చెప్పానుగా.

డైటీస్ నాటాక మూడు నాలుగు నెలలు అలుగుతుంది. కదిపితే నచ్చని మొక్క. కంగారుపడి తవ్వి చూడకండి.


కుండీలరాణి
9 మార్చి

పూసింది!!! నర్సరీ మొక్క! వస కాదు!

పొద్దున ఆరున్నరకు కాఫీ గ్లాసుతో వెనక్కి వెళ్లాను. ఆకు మధ్యలోంచి పువ్వు వచ్చింది, అలాగే కనిపించింది. బయటి మూడు రేకులు తెల్లగా అరచేయంత పరుచుకుని, లోపలి మూడు ఊదా రంగులో వెనక్కి చుట్టుకుని, మధ్యలో పులిచారల్లాంటి గోధుమ గీతలు. కాస్త తీయని వాసన కూడా ఉంది. కేసరాలు లెక్కపెట్టాను మేడం, మూడు!

మా వారిని లేపి చూపించాను. స్నానం చేసి ఫోటో తీద్దామని తిరిగి వెళ్లేసరికి పువ్వు లేదు. అత్తయ్య కోసి పూజలో వేంకటేశ్వరస్వామి పటానికి పెట్టేశారు. "వస కాదని తెలిసిందిగా, స్వామికి పెట్టాను" అన్నారు. ఏమనాలో తెలియలేదు. పటం దగ్గరే ఫోటో తీశాను. మధ్యాహ్నం మూడింటికి ముడుచుకుపోయింది.


బాటనీ మేడం
9 మార్చి

ఎలాగూ దాని ఆయుష్షు ఒక్క పగలే, మీ అత్తగారు పెద్ద నష్టమేమీ చేయలేదు. కాడ మాత్రం కోయలేదు కదా? మీరు ఆకు అనుకున్నది నిజానికి పూలకాడ. అది కూడా ఆకులాగే బల్లపరుపుగా ఉంటుంది. అదే చోటు నుంచి ఇంకా మొగ్గలు వస్తాయి. కాడను ముట్టుకోకుండా ఉంచండి, అసలు తమాషా ఇంకా మొదలవలేదు.


కుండీలరాణి
10 మార్చి

కాడ ఉంది మేడం. పువ్వొక్కటే తుంచారు. ఈ రోజు నుంచి ఆ కుండీకి ఎర్ర దారం కట్టాను, ముట్టుకోవద్దని గుర్తు. అత్తయ్య దాన్ని మొక్కు అనుకుని పసుపు రాశారు.


ఆకుపచ్చ అనిల్
2 ఏప్రిల్

చిన్న సమాచారం: వాన నీళ్లు, కంపోస్టు పనిచేశాయి, కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయి. పెద్ద సమాచారం: మా స్పైడర్ లిల్లీని రాత్రికి రాత్రి నల్లటి పురుగులు తినేశాయి, ఒంటి మీద తెల్ల చుక్కలు. పక్కనే ఉన్న డైటీస్‌కు పాకుతాయా?


మిద్దెతోట మూర్తి
2 ఏప్రిల్

లిల్లీ పురుగు అది. విషముంగలి, స్పైడర్ లిల్లీ దానికి ఇష్టం, ఐరిస్ జోలికి రాదు. టార్చి పట్టుకుని రాత్రి చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేయండి. డైటీస్‌కు మీరు భయపడాల్సింది నత్తలకు, అవి వానలు పడ్డాక వస్తాయి.


కుండీలరాణి
18 మే

మేడం, ఇప్పుడు అర్థమైంది ఎందుకు నడుస్తుందో!

పూసిన చోటే, కాడ చివర, చిన్న ఫ్యాన్ మొలిచింది. నాలుగు ఆకులు. దాని బరువుకు కాడ వంగి వంగి, కిందటి వారం జల్లుల తర్వాత నేలకు ఆనింది. నిన్న కొంచెం ఎత్తి చూస్తే అడుగున తెల్లటి వేళ్లు. తల్లి కుండీలోనే ఉంది, పిల్ల కుండీ దాటి అడుగున్నర అవతల మట్టిలో కాలు పెట్టింది. ఇప్పుడు కోసి వేరు చేయవచ్చా?


బాటనీ మేడం
18 మే

తొందరపడకండి. నేల మీదే ఉంచి, జడపిన్ను లాంటి తీగ వంచి కాడను మట్టికి గుచ్చి పట్టండి, లేదా కింద చిన్న కుండీ పెట్టండి. తల్లి నుంచి ఆహారం అందుతూనే ఉంటుంది. పిల్లను మెల్లగా లాగితే కదలకుండా గట్టిగా ఉన్నప్పుడు కాడ కోయండి, నెలో నెలన్నరో పడుతుంది. ఆ తర్వాత అది ఇంకో అడుగు వేయడానికి సిద్ధం.


మిద్దెతోట మూర్తి
10 జూన్

మృగశిర వచ్చింది, మా ఇంటి దగ్గర మంచి వాన. డైటీస్ ఎలా ఉన్నాయి? కాశ్మీరు కొమ్ముల సంగతేమిటి?


కుండీలరాణి
11 జూన్

డైటీస్ అలిగే ఉన్నాయండీ, మీరు చెప్పినట్టే. కానీ ఒకదాని మధ్యలోంచి గుండ్రటి కాడ ఒకటి లేస్తోంది, ఆకు కాదు, వేలితో తడిమి చూశాను.

కాశ్మీరు కొమ్ముల్లో మూడూ బతికే ఉన్నాయి. మట్టి తీసి వీపు పైకి తేల్చాను, చూరు కింద వాన పడని చోటికి మార్చాను. పూయవని తెలుసు. ఆకు రంగు కొంచెం బూడిద కలిసిన నీలంగా ఉంటుంది, మిగతా వాటి పక్కన వేరుగా కనిపిస్తుంది. ఉండనివ్వండి.

నియోమారికా పిల్ల వేరు పట్టింది, నిన్ననే కోశాను. ఇంకో రెండు కాడలకు కూడా పిల్లలు వేలాడుతున్నాయి.


వంటింటి వనజ
11 జూన్

ఒక పిల్ల నాకు ఇస్తారా? శనివారం కనకపుర రోడ్డు వైపు వస్తున్నాను.


కుండీలరాణి
11 జూన్

తప్పకుండా వనజ గారూ. కుండీ మీరే తెచ్చుకోండి, మా ఇంట్లో ఖాళీది ఒక్కటీ లేదు. పదకొండు లోపు వస్తే పువ్వు కూడా చూడవచ్చు, ఎల్లుండికి విచ్చేలా ఒక మొగ్గ ఉబ్బింది, దాని వెనక ఇంకోటి ఉంది. అత్తయ్య కన్నా ముందు లేస్తే ఉంటుంది.